అనుమానం వచ్చింది, అడిగింది దొంగనే: ₹31 లక్షల మెయిల్ మోసం కేసు

హైదరాబాద్ చుట్టుపక్కల చిన్న, మధ్యతరహా కంపెనీలకు మెయిల్ భద్రత చూడడం, మోసం జరిగితే వెళ్లి ఆధారాలు భద్రపరచడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది 2025లో నా దగ్గరకు వచ్చిన కేసు. డబ్బు పోగొట్టుకున్న కంపెనీ, సరుకు అమ్మిన కంపెనీ రెండూ పేర్లు బయటపెట్టకపోతే రాసుకోమన్నాయి. ఎవరూ గుర్తుపట్టకుండా మొత్తాలు, ఒకటి రెండు వివరాలు కొద్దిగా మార్చాను. మోసం నడిచిన తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. "చూసుకోకుండా డబ్బు వేసేశాడు" అని ఆ కంపెనీలో అందరూ అకౌంటెంట్‌ని తప్పుపట్టారు. నిజానికి ఆయన చూసుకున్నారు. బ్యాంకు స్క్రీన్ మీద పేరు తేడాగా కనిపిస్తే ఆగారు. రాసి అడిగారు. జవాబు వచ్చాకే పేమెంట్ వేశారు. ఆయన అడిగింది దొంగని. ఈ కేసంతా అక్కడే ఉంది.

కంపెనీ, పార్టీ, అలవాట్లు

నగర శివారు పారిశ్రామికవాడలో ఫార్మా ఇంటర్మీడియెట్లు (మందుల తయారీలో మధ్య దశలో వాడే రసాయనాలు) తయారుచేసే యూనిట్ అది. సాల్వెంట్లు గుజరాత్‌లోని అంకలేశ్వర్ నుంచి ట్యాంకర్లలో వస్తాయి. ఏళ్ల తరబడి అమ్మేది ఒకటే పార్టీ. సరుకు దిగి, ల్యాబ్ వాళ్లు శాంపిల్ చూసి సరే అన్నాక నెలా, నెలన్నరలో ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాల బ్యాంకు బదిలీ) వేస్తారు. బిల్లులు, తూకం తేడాలు, ఆ తేడాకు బిల్లులో తగ్గించుకునే డెబిట్ నోట్లు అన్నీ మెయిల్‌లోనే నడుస్తాయి. ఫోన్లో మాట్లాడదామంటే అవతలి సేల్స్ మేనేజర్‌కి తెలుగు రాదు, ఇవతల అకౌంటెంట్‌కి హిందీ అంతంతమాత్రం. ఇద్దరికీ రాసుకోవడమే సులువు. ఈ చిన్న అలవాటే చివరికి కొంప ముంచింది.

బ్యాంకులో పేమెంట్‌కి ఇద్దరు కావాలి. ఒకరు ఎంట్రీ వేయాలి, ఇంకొకరు ఆమోదించాలి. కాగితం మీద అలాగే ఉంది. ఆచరణలో రెండు లాగిన్లూ అకౌంటెంట్ దగ్గరే ఉండేవి. యజమాని ఫోన్‌కి వచ్చిన ఓటీపీని ఆయన వాట్సాప్‌లో పంపేవారు, పని అయిపోయేది. నేను చూసిన చిన్న కంపెనీల్లో సగానికి పైగా ఇలాగే నడుస్తున్నాయి. యజమానికి తీరిక ఉండదు, అకౌంటెంట్ మీద నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. కానీ రెండో మనిషి చూడాల్సిన చోట చూసేవాళ్లే లేరు.

ఆ మెయిల్

ఒక బుధవారం మధ్యాహ్నం, రెండు పాత బిల్లుల గురించి నడుస్తున్న సంభాషణలోనే ఒక జవాబు వచ్చింది. కింద పాత మెయిళ్లన్నీ అలాగే ఉన్నాయి. ట్యాంకర్ నంబర్, కిందటి లోడులో వచ్చిన తూకం తేడా, దానికి ఇస్తామన్న డెబిట్ నోటు, సేల్స్ మేనేజర్ ఎప్పుడూ చివర రాసే పలకరింపు, అన్నీ అసలువే. పైన నాలుగు వాక్యాలు మాత్రం కొత్తవి. "మా ప్రస్తుత ఖాతా ఆడిట్‌లో ఉంది. అందులో పడిన డబ్బు కొన్నాళ్లు వాడుకోలేం. ఈ రెండు బిల్లుల మొత్తం కింది ఖాతాకు పంపండి. సవరించిన ఇన్‌వాయిస్‌లు, క్యాన్సిల్డ్ చెక్ జతచేశాం."

ఆడిట్ జరిగినంత మాత్రాన కరెంట్ ఖాతా ఆగిపోదు. అకౌంట్స్ చూసేవాళ్లందరికీ ఇది తెలుసు. అయినా ఏళ్లుగా లావాదేవీలున్న పార్టీ చెబితే వాళ్ల ఇబ్బంది వాళ్లదిలే అనుకుంటాం. ఖాతా మార్పు మెయిళ్లలో ఈ సాకు నాకు ఎన్నిసార్లు కనిపించిందంటే, 'ఆడిట్', 'కొత్త ఖాతా' ఒకే మెయిల్‌లో ఉంటే మిగతాది చదవకుండానే ఫోన్ చేయండని చెబుతుంటాను.

స్పెల్లింగ్ తప్పులు ఒక్కటీ లేవు. "వచ్చీరాని ఇంగ్లిష్ ఉంటే అది మోసం" అని పదేళ్ల కింద శిక్షణలో చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ గుర్తు పనికిరాదు. పాత మెయిళ్లు చేతిలో ఉన్న దొంగ ఆ మనిషి రాసే తీరులోనే రాస్తాడు, రాయించుకోవడానికి పనిముట్లూ ఉన్నాయి.

ఇక ఇన్‌వాయిస్. 2023 ఆగస్టు 1 నుంచి ఏడాదికి ₹5 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న సంస్థలు ఇతర వ్యాపారులకు ఇచ్చే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. అంటే బిల్లు మీద ఐఆర్ఎన్ నంబరు (ప్రభుత్వ పోర్టల్ ఆ బిల్లుకు ఇచ్చే ప్రత్యేక సంఖ్య), క్యూఆర్ కోడ్ ఉంటాయి. మన అకౌంటెంట్ ఆ క్యూఆర్‌ని యాప్‌తో స్కాన్ చేశారు కూడా. సరైనదేనని వచ్చింది. ఎందుకు రాదు? ఆ కోడ్‌లో ఉండేవి అమ్మినవారి, కొన్నవారి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, విలువ, ఎన్ని ఐటమ్‌లు, ప్రధాన సరుకు రకాన్ని తెలిపే హెచ్ఎస్ఎన్ కోడ్, ఐఆర్ఎన్ వగైరా. బ్యాంకు ఖాతా వివరం అందులో లేదు. దొంగ అసలు పీడీఎఫ్ తీసుకుని కింద ఉన్న బ్యాంకు పెట్టె ఒక్కటే మార్చాడు. బిల్లు అసలుదే, ఖాతా మాత్రం దొంగది. క్యూఆర్ స్కాన్ అయితే బిల్లు నిఖార్సయినదని చాలామంది అకౌంట్స్ వాళ్లు అనుకుంటున్నారు. పన్ను లెక్కకు అది నిజమే. డబ్బు ఎక్కడికి పోతుందన్నదానికి ఆ కోడ్ సాక్ష్యం చెప్పదు.

అడ్రసులో ఏముంది

నా దగ్గరకు వచ్చిన మొదటి కాపీ వాట్సాప్ స్క్రీన్‌షాట్. దాంతో ఏమీ తేలదు. ఆ మెయిల్‌ని ఫార్వర్డ్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు ఈఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ చేయించాను. ఫార్వర్డ్ చేస్తే అది ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే హెడర్లు పోతాయి. పోలీసులకైనా, కోర్టుకైనా కావలసింది అవే.

పార్టీ డొమైన్ పేరులో, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాతి భాగంలో, ఇంగ్లిష్ అక్షరం 'ఎం' ఉంది. దొంగ కొన్న డొమైన్‌లో ఆ చోట చిన్న 'ఆర్', చిన్న 'ఎన్' పక్కపక్కన ఉన్నాయి. మామూలు ఫాంట్‌లో, ఫోన్ తెర మీద, ఈ రెంటికీ తేడా నాకే మొదట అందలేదు. అక్షరాలు పెద్దవిగా చేసి చూస్తే తెలిసింది. ఆ డొమైన్ రిజిస్టర్ అయి అప్పటికి వారం కూడా కాలేదు.

ఇంకొకటి చూడండి. ఆ సంభాషణలో ఎప్పుడూ సీసీలో ఉండే ఇద్దరి అడ్రసులు కూడా, అంటే అవతలి అకౌంట్స్ అమ్మాయిది, డైరెక్టర్‌ది, అదే నకిలీ డొమైన్‌తో మార్చి ఉన్నాయి. కాబట్టి 'రిప్లై ఆల్' కొట్టినా ఒక్క అసలు మనిషికీ మెయిల్ చేరదు. ఇవతల నుంచి చూస్తే నలుగురి మధ్య మాట నడుస్తున్నట్టే ఉంటుంది. అవతల ముగ్గురి పేర్లతో కూర్చున్నది దొంగ ఒక్కడే.

"మా మెయిల్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్ అన్నీ చెక్ అవుతాయి కదా, ఎలా వచ్చింది?" అని యజమాని అడిగారు. ఆ పరీక్షలు చెప్పేది ఒక్కటే: ఈ డొమైన్ పేరుతో వచ్చిన మెయిల్ నిజంగా ఆ డొమైన్ వాళ్లే పంపారా అని. నకిలీ డొమైన్ యజమాని దొంగే. తన డొమైన్‌కి తనే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టుకున్నాడు. అన్నీ పాసయ్యాయి. డీమార్క్ పెడితే మన అసలు డొమైన్ పేరును ఇంకొకరు వాడకుండా ఆపవచ్చు. చూపుకి ఒకేలా ఉండే వేరే డొమైన్‌ని అది ఆపదు. రెండూ వేర్వేరు జబ్బులు, మందులు వేర్వేరు.

పేరు తేడాగా ఉంది, అడిగారు

మన దేశంలో ఆర్టీజీఎస్, నెఫ్ట్ చాలా ఏళ్లు ఖాతా నంబర్ ఆధారంగానే జమ అయ్యేవి. పేరు మనం ఏం టైప్ చేసినా నంబర్ కుదిరితే డబ్బు పడిపోయేది. 2024 డిసెంబర్ 30న రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చాక, 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో పంపేముందే చూపే సదుపాయం తేవాల్సి వచ్చింది. చాలా మంచి మార్పు. దీని కోసం మా వృత్తిలో ఉన్నవాళ్లం ఏళ్లుగా ఎదురుచూశాం.

కొత్త ఖాతాను చేర్చేటప్పుడు ఆ సదుపాయం పనిచేసింది. పార్టీ పేరు బదులు, మొదటి మాట మాత్రం అదే ఉండి చివర 'ట్రేడర్స్' అని వచ్చింది. అకౌంటెంట్ అక్కడ ఆగారు. అదే మెయిల్‌కి రిప్లై కొట్టి రాశారు: "ఖాతా పేరు వేరుగా చూపిస్తోంది, దయచేసి నిర్ధారించండి." పావుగంటలో జవాబు: "అది మా గ్రూప్ సంస్థ. లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ జతచేశాం." లెటర్‌హెడ్ ఉంది, రౌండ్ సీలు ఉంది, డైరెక్టర్ సంతకం ఉంది. ఆ సంతకం ఏడాది కిందటి ఒక ఒప్పందం నుంచి కత్తిరించి అతికించినదని తర్వాత తేలింది.

అసలు పార్టీ ఏ మెయిల్‌కైనా పూట తిరిగేదాకా జవాబివ్వదట. ఈ మాట అకౌంటెంట్ గారే నాతో అన్నారు. "తొందరగా ఇచ్చారు, పని తెమిలింది అనుకున్నానండీ."

వ్యవస్థ హెచ్చరించింది, మనిషి స్పందించాడు, అయినా డబ్బు పోయింది. ఏ బ్యాంకు స్క్రీనూ దీన్ని పూర్తిగా ఆపలేదు. లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమాసౌస్కాస్ 2013 నుంచి 2015 దాకా చేసింది ఇలాంటిదే. తైవాన్‌లోని క్వాంటా కంప్యూటర్ పేరుతోనే లాట్వియాలో ఒక కంపెనీ రిజిస్టర్ చేసి, నకిలీ బిల్లులతో గూగుల్, ఫేస్‌బుక్ నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. అతనికి 2019 డిసెంబర్‌లో న్యూయార్క్ కోర్టు 5 ఏళ్ల జైలు వేసింది. అక్కడ ఖాతా పేరు కూడా కుదిరింది కాబట్టి పేరు చూపే సదుపాయం ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. అంత పెద్ద కంపెనీల్లోనే అలా జరిగితే, పదివేల పనుల మధ్య ఒక్కడే కూర్చున్న అకౌంటెంట్‌ని అనడం నాకు న్యాయంగా అనిపించదు. అమెరికా ఎఫ్‌బీఐ ఫిర్యాదుల కేంద్రానికి 2023లో ఈ తరహా వ్యాపార మెయిల్ మోసాల్లో పోయిందని వచ్చిన లెక్కే 290 కోట్ల డాలర్లు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నర దాటాక ₹31,40,000 ఆర్టీజీఎస్ వెళ్లింది. యజమాని అప్పుడు బంధువుల పెళ్లిలో ఉన్నారు. ఓటీపీ వాట్సాప్‌లో పంపారు.

శనివారం

మర్నాడు రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో అసలు సేల్స్ మేనేజర్ నుంచి వాట్సాప్ వచ్చింది: "భాయ్‌సాబ్, పేమెంట్ కబ్ హోగా?" అకౌంటెంట్ యూటీఆర్ నంబర్ (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) పంపారు. "యే హమారా ఖాతా నహీ హై" అని జవాబు. అది మా ఖాతా కాదని.

అక్కడి నుంచి మర్నాడు ఉదయం దాకా ఆయన కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. బ్రాంచి మేనేజర్‌కి ఫోన్ చేశారు, సోమవారం వచ్చి రాసివ్వమన్నారు. నకిలీ మెయిల్‌కే మళ్లీ రాశారు, జవాబు రాలేదు. రాత్రంతా ఇంట్లో లెక్కలు చూస్తూ కూర్చున్నారు. ఆయన నెల జీతం ₹40 వేల లోపు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. యజమాని కోపిష్టి. పాతికవేల తేడా వచ్చినందుకు కిందటేడు ఒక స్టోర్ కీపర్‌ని అందరి ముందూ తిట్టి పంపేశారు. అది చూసిన మనిషి ₹31 లక్షల మాట ఎలా చెబుతాడు?

ఆదివారం ఉదయం పది గంటలకు చెప్పారు. యజమాని నాకు ఫోన్ చేశారు. నేను బయలుదేరుతూనే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయమన్నాను, నా కోసం ఆగొద్దన్నాను.

ఆ ఆలస్యం విలువ ఎంతో తర్వాత దర్యాప్తు అధికారి చెప్పగా తెలిసింది. శుక్రవారం రాత్రి డబ్బు మొదటి ఖాతా నుంచి కొంచెం కొంచెంగా కదిలింది. చాలా బ్యాంకుల్లో కొత్తగా చేర్చిన లబ్ధిదారుకు మొదటి 24 గంటలు పరిమితి ఉంటుంది. అది దొంగ ఖాతాకూ అడ్డమే. శనివారం మధ్యాహ్నం, సేల్స్ మేనేజర్ మెసేజ్ వచ్చే సమయానికి, ₹24 లక్షల పైచిలుకు ఇంకా మొదటి ఖాతాలోనూ, దాని తర్వాతి రెండు ఖాతాల్లోనూ ఉంది. ఆదివారం ఫిర్యాదు చేరేసరికి ఆపగలిగింది ₹11.8 లక్షలు. పన్నెండు లక్షలకు పైగా పోయింది నకిలీ మెయిల్ వల్ల అంటే ఎంత నిజమో, అకౌంటెంట్ భయం వల్ల అంటే అంత నిజం. ఆ భయం ఆయన తెచ్చుకున్నది కాదు, ఆఫీసు నేర్పింది. ఈ మాట యజమాని ముందే అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అకౌంటెంట్‌ని ఉద్యోగంలో ఉంచారు, జీతం కోత పెట్టలేదు. ఈ కేసులో నాకు తృప్తినిచ్చిన ఒకే ఒక్క విషయం అది.

1930 సంగతి ఇంకొంచెం చెప్పాలి. కేంద్ర హోంశాఖ కింద ఐ4సీ (సైబర్ నేరాల సమన్వయ కేంద్రం) నడిపే వ్యవస్థ ఇది, 2021 నుంచి ఉంది. ఫోన్ ఎత్తినవాళ్లు కథ అడగరు. మన ఖాతా నంబర్, బ్యాంకు, పంపిన మొత్తం, తేదీ, సమయం, యూటీఆర్ నంబర్, డబ్బు పడిన ఖాతా, ఇవి అడుగుతారు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని చేస్తే నిమిషాల్లో తెములుతుంది. ఆ వివరాలు డబ్బు పడిన బ్యాంకుకు చేరతాయి. అక్కడ మిగిలింది హోల్డ్‌లో పెడతారు, ముందుకు కదిలినదాన్ని తర్వాతి బ్యాంకుకు తెలియజేస్తారు. సెలవు రోజని లేదు. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో నేరుగా వేయొచ్చు. సొంత బ్యాంకు నోడల్ అధికారికి మెయిల్ కూడా పెట్టాలి, కానీ అది రెండో పని. బ్రాంచి తెరిచేదాకా ఆగడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. 2020 డిసెంబర్ నుంచి ఆర్టీజీఎస్ రోజంతా, ఏడాది పొడవునా నడుస్తోంది. దొంగలు శుక్రవారం సాయంత్రాన్ని కావాలనే ఎంచుకుంటారు.

ఎలా లోపలికి వచ్చాడు

మన కంపెనీ మెయిల్‌బాక్స్‌లన్నీ వెతికాం, ఏమీ దొరకలేదు. అంకలేశ్వర్ పార్టీ ఒప్పుకున్నాక వాళ్ల ఐటీ కుర్రాడితో కలిసి దూరం నుంచే చూశాం. సేల్స్ మేనేజర్ ఖాతాలోకి మూడు వారాల ముందు, విదేశంలోని ఒక అద్దె సర్వర్ నుంచి లాగిన్ అయి ఉంది. అదే రోజు ఉదయం ఆయనకు తెలిసిన ఇంకో కస్టమర్ పేరుతో 'పర్చేజ్ ఆర్డర్' లింకు వచ్చింది. నొక్కితే మెయిల్ లాగిన్ పేజీ. పాస్‌వర్డ్ కొట్టారు, ఫోన్‌కి వచ్చిన కోడ్ కూడా కొట్టారు. ఆ పేజీ మధ్యవర్తి. ఇటు తీసుకున్నది అటు అసలు సైటుకు అందించి, లాగిన్ అయిన సెషన్‌ని తన దగ్గర ఉంచుకుంది. కోడ్ ఉంది కదా అనే ధీమా అక్కడ పనిచేయలేదు.

ఔట్‌లుక్‌లో ఒక రూల్ కనిపించింది. మన కంపెనీ డొమైన్ నుంచి వచ్చే ఏ మెయిల్ అయినా చదివినట్టు గుర్తు పెట్టి ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లో పడేయమని. ఆ ఫోల్డర్ జన్మలో ఎవరూ తెరవరు. రూల్ పేరు ఒక్క చుక్క, అంతే. వారం రోజులుగా మన స్టోర్స్ వాళ్లు తర్వాతి లోడు గురించి రాసిన మెయిళ్లు కూడా అందులోనే పడి ఉన్నాయి. "వాళ్లు జవాబివ్వడం లేదేంటి" అని ఇక్కడ, "వీళ్లు రాయడం లేదేంటి" అని అక్కడ అనుకున్నారు. అలవాటుగా మాట్లాడుకునే పార్టీ ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే ఫోన్ చేయాల్సింది అప్పుడే.

పాస్‌వర్డ్ మార్చేశాం, ఇక చాలు అన్నాడు ఆ కుర్రాడు. చాలదు. ఇంటి తాళం మార్చినంత మాత్రాన లోపల దాక్కున్నవాడు బయటికి పోడు. తెరిచి ఉన్న సెషన్లన్నీ తెంపాలి. రూల్స్, బయటికి ఫార్వర్డింగ్ చూడాలి. పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడిగే రెండో అంచె కోసం కొత్త ఫోన్ ఏదైనా చేర్చారా, ఏ యాప్‌కైనా మెయిల్ చదివే అనుమతి ఇచ్చారా అని చూడాలి. ఇక్కడ దొంగ తన ఫోన్‌ని రెండో అంచెకు చేర్చుకుని ఉన్నాడు. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి వదిలేసి ఉంటే మళ్లీ దారి వెతుక్కునేవాడు. ఆ తర్వాత సేల్స్, అకౌంట్స్ వాళ్లకు పాస్‌వర్డ్ బదులు వాడే పాస్‌కీలు పెట్టించాం. పాస్‌కీ అసలు డొమైన్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీలో పనిచేయదు.

నష్టం ఎవరిది

యజమాని మొదట బ్యాంకు ఇవ్వాలి అన్నారు. రిజర్వు బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం ఖాతాదారుడి ప్రమేయం లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెబితే రక్షణ ఉంటుందని ఎవరో చెప్పారట. ఆ రక్షణ అనుమతి లేని లావాదేవీలకు. ఇక్కడ పంపింది మనమే, ఓటీపీ ఇచ్చింది మనమే. ఆ దారి మూసుకుపోయింది.

పార్టీ ఏమంటుంది? "మా డబ్బు మాకు రాలేదు, బాకీ బాకీయే." మనవాళ్లు ఏమంటారు? "మీ మెయిల్‌బాక్స్ తెరిచి పెట్టుకున్నారు." రెంటిలోనూ బలం ఉంది. చివరికి లాయర్లు కూర్చుని, పార్టీ కొంత వదులుకుని, మిగతాది వాయిదాల్లో తీసుకునేలా ఒప్పుకున్నారు. ఈ బేరం నడిచినన్నాళ్లూ ఒక గడియారం తిరుగుతూనే ఉంది, దాన్ని ఎవరూ గమనించలేదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 16 ప్రకారం బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవారికి డబ్బు కట్టకపోతే, తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద పడిన పన్నును మన పన్నులో తగ్గించుకున్నది) వడ్డీతో వెనక్కి కట్టాలి. దొంగకు కట్టింది పార్టీకి కట్టినట్టు కాదు. మీ ఆడిటర్‌కి మొదటి వారంలోనే చెప్పండి.

కేసు ఐటీ చట్టం 66సీ, 66డీ, భారతీయ న్యాయ సంహిత కింద మోసం సెక్షన్లతో నమోదైంది. ఈఎంఎల్ ఫైళ్లు, లాగిన్ లాగులు హ్యాష్ విలువలతో (ఫైలు మారలేదని చూపే సంఖ్యలు), ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావలసిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో కలిపి ఇచ్చాం. ఆ సర్టిఫికెట్ లేకుండా పెన్‌డ్రైవ్ ఇచ్చి వస్తే తర్వాత మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు ఆ ఆఫీసులో ఏం మారింది

అకౌంట్స్ గోడ మీద ఒక కాగితం అంటించాం. ఖాతా మార్పు ఏ దారిలో వస్తే ఆ దారిలో నిర్ధారించకూడదు. మెయిల్‌లో వస్తే మెయిల్‌లో అడగకూడదు, ఆ మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కీ చేయకూడదు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ లెడ్జర్‌లో పాతకాలం నుంచి ఉన్న నంబర్‌కే చేయాలి. మెయిల్ అందుకున్నవాళ్లు కాకుండా ఇంకొకరు చేయాలి. భాష ఇబ్బంది అని స్టోర్స్‌లో హిందీ బాగా వచ్చిన ఒకమ్మాయికి ఆ పని అప్పగించారు. కొత్త ఖాతాకు మొదట ₹37 లాంటి బేసి మొత్తం వేసి, ఎంత పడిందో ఫోన్లో అడుగుతారు. ఆ జవాబు చెప్పగలిగేది డబ్బు అందుకున్నవాళ్లే. బ్యాంకు ఆమోదం యజమాని తన ఫోన్లో, బిల్లు తెరిచి చూసి, తనే నొక్కాలి. మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు వారానికి రెండు రోజులు పేమెంట్లకని కేటాయించుకున్నారు.

ఈ ఒక్క నియమం మెయిల్‌కే పరిమితం కాదు. 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించేవాడు "కావాలంటే ఈ నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి" అని తన మనిషి నంబరే ఇస్తాడు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబర్‌లో ప్రధాని రేడియోలో చెప్పాల్సి వచ్చింది. గూగుల్‌లో వెతికి పట్టుకున్న కస్టమర్ కేర్ నంబరు, కొరియర్ ఆగిపోయిందన్న మెసేజ్‌లోని లింకు, అన్నింటిలోనూ నిర్ధారించుకునే దారిని దొంగే వేసి పెడతాడు. బ్యాంకు నంబరు కార్డు వెనక ఉంటుంది. స్టేషన్ నంబరు స్టేషన్‌కు వెళ్తే తెలుస్తుంది.

చివరగా అంకలేశ్వర్ వాళ్లతో చేయించిన పని ఒకటి. ఆ మెయిల్‌బాక్స్‌లో మూడు వారాలు కూర్చున్నవాడికి మన కంపెనీ ఒక్కటే కనిపించి ఉండదు. బాకీ ఉన్న కస్టమర్లందరి జాబితా తీయించి, ఒక్కొక్కరికి ఫోన్ చేయమన్నాను. పరువు పోతుందని డైరెక్టర్ ముందు ఒప్పుకోలేదు. మన యజమానే మాట్లాడి ఒప్పించారు. ఆ ఫోన్లలో ఔరంగాబాద్ వైపు ఒక యూనిట్‌కి అదే ఆడిట్ కథ, అదే నకిలీ డొమైన్ నుంచి మెయిల్ వచ్చిందని తెలిసింది. పేమెంట్ సోమవారానికి పెట్టి ఉంచారు, ఆపేశారు. నకిలీ డొమైన్ మీద రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు వేశాం, అది మూతపడింది.

హోల్డ్‌లో ఉన్న ₹11.8 లక్షలు దానంతటదే తిరిగి రాదు, కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా కూడా ఇప్పిస్తున్నారు, మనవాళ్లు ఆ దారిలోనే దరఖాస్తు చేశారు. ఫిర్యాదు రసీదు, ఎఫ్ఐఆర్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్, కంపెనీ తీర్మానం, ఖాతా వివరాలు జతచేశాం. ఈలోగా "మీ డబ్బు రికవరీ చేయిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని రెండు ఫోన్లు వచ్చాయి. ఎత్తింది అకౌంటెంట్ గారే. నంబర్లు రాసుకుని దర్యాప్తు అధికారికి పంపారు.